కేసు కోర్టులో ఉండగా ఆటగాడిని ఆడించాలా, ఆపాలా? సరిహద్దు క్రీడాసంఘాల కోసం ఒక పోలిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల్లో తెలుగువాళ్లు నడుపుతున్న క్రీడాసంఘాల కార్యవర్గాలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. డబ్బు తీసుకుని ఆడే ఆటగాడి మీద క్రిమినల్ కేసు నమోదైనప్పుడు, తీర్పు వచ్చేలోగా అతన్ని ఆడనివ్వాలా, సస్పెండ్ చేయాలా అన్నది ఇక్కడి ప్రశ్న. ఇది పెద్ద లీగుల తలనొప్పి, మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. 2014లో ప్రొ కబడ్డీ మొదలైన దగ్గర నుంచి పల్లెటూరి కూతగాడికి కూడా వేలం పాట మీద ఆశ కలిగింది. 2022లో అల్టిమేట్ ఖోఖో తొలి సీజన్ ఫైనల్లో ఒడిశా జగ్గర్‌నాట్స్ తెలుగు యోధాస్ మీద గెలిచిన రాత్రి మన ఇళ్లలో ఎవరి పక్షాన చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేకపోయాం, అది వేరే సంగతి. అంత దూరం వెళ్లని వాళ్లు కూడా సంక్రాంతి పోటీలకు మ్యాచ్‌కింత అని మాట్లాడుకుని ఏరు దాటి వెళ్లి ఆడుతున్నారు. రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడాకోటా ఉద్యోగం కోసం ధ్రువపత్రాలు పోగు చేసుకుంటున్నారు. అటువంటి కుర్రాడిని సస్పెండ్ చేస్తే ఆట ఒక్కటే ఆగదు. సంపాదన ఆగుతుంది, ఆ ఏటి సెలక్షన్ పోతుంది, ఒక్కోసారి రాబోయే ఉద్యోగానికే ఎసరు వస్తుంది.

ఎంచుకోవడానికి స్థూలంగా నాలుగు దారులున్నాయి. తీర్పు దాకా ఏమీ చేయకుండా ఆగడం ఒకటి. కేసు పడగానే సస్పెండ్ చేయడం రెండోది. తప్పు మోపకుండా, డబ్బు పూర్తిగా ఆపకుండా, కొంతకాలం పక్కన పెట్టడం మూడోది. ఆడనిస్తూనే కొన్ని షరతులు విధించడం నాలుగోది. నేను మూడో దారి వైపే మొగ్గుతాను, అయితే అన్ని కేసులకూ కాదు. ఎందుకో చెప్పే ముందు, దారుల కన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది.

ముందు కాగితం చదవాలి

మన దగ్గర చర్చలన్నీ "కేసు పడిందట" అన్న మాట దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. ఎఫ్ఐఆర్ నమోదు కావడం, అరెస్టు, చార్జిషీటు దాఖలు కావడం, కోర్టు అభియోగాలు ఖరారు చేయడం, విచారణ, తీర్పు: ఇవి వేర్వేరు మెట్లు. ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదుదారు చెప్పినదాన్ని పోలీసులు నమోదు చేసిన కాగితం మాత్రమే, దాని నిజానిజాలను ఇంకా ఎవరూ పరిశీలించలేదు. చార్జిషీటు అంటే పోలీసులు సాక్షులను విచారించి, ఆధారాలు కూర్చి, ఇతని మీద విచారణ జరపదగిన కేసు ఉందని కోర్టుకు చెప్పడం. అభియోగాలు ఖరారైతే కోర్టు స్వయంగా ఆ ఆధారాలను ప్రాథమికంగా చూసిందన్నమాట. ఈ మెట్లన్నిటినీ ఒకే గాటన కట్టే నియమం ఏదైనా సరే, అన్యాయానికే దారి తీస్తుంది.

ఆమధ్య పర్లాకిమిడిలో ఒక సంఘం కార్యవర్గ సమావేశంలో కూర్చున్నాను. మహేంద్రతనయ అవతల, పాతపట్నం వైపు ఒక పోటీ దగ్గర జరిగిన గొడవలో వాళ్ల వాలీబాల్ ఆటగాడి పేరు ఎఫ్ఐఆర్‌లో చేరింది. ఆ కాగితం తెలుగులో ఉంది. కార్యదర్శికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ బడిలో చదువుకున్నది ఒడియా కాబట్టి చదవడం రాదు. కాగితం చేతులు మారుతూ ఒక రిటైర్డు మాస్టారి దగ్గరికి చేరింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని సెక్షన్ల వరుస చదివేసరికి గది నిశ్శబ్దమైపోయింది, ఎందుకంటే అందులో భారతీయ న్యాయ సంహిత 109 ఉంది, అంటే హత్యాయత్నం. "కోర్టు చెప్పకముందే మనమెవరం మాస్టారూ చెప్పడానికి?" అని ఒకరు అడిగారు. "మీ అమ్మాయి అదే మైదానంలో ఆడుతుంటే ఇలాగే అంటారా బాబూ?" అని ఇంకొకరు అందుకున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆ సెక్షను చార్జిషీటు దాకా నిలుస్తుందో లేదో చూడాలన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

ఇది చాలామందికి తెలియని చిక్కు. కొట్లాట కేసుల్లో ఎఫ్ఐఆర్‌లో పెద్ద సెక్షన్లు చేరడం, దర్యాప్తు ముగిసేసరికి అవి దిగిపోవడం మామూలే. హత్యాయత్నానికి పదేళ్ల దాకా, బాధితుడికి గాయమైతే యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. అదే గొడవ చార్జిషీటులో 115(2) కింద, అంటే మామూలుగా గాయపరచిన నేరంగా తేలితే గరిష్ఠ శిక్ష ఏడాది. ఎఫ్ఐఆర్ చూసి వేటు వేసిన సంఘానికి మూడు నెలల తరువాత చార్జిషీటు చూశాక ముఖం చెల్లదు. అందుకే సంఘం దగ్గర రెండు భాషలూ చదవగలిగిన మనిషి ఒకరు, సెక్షన్ల అర్థం చెప్పగల వకీలు ఒకరు ఉండాలి. నిందితుడు అరెస్టులో ఉంటే చార్జిషీటు వేయడానికి పోలీసులకు నేరాన్ని బట్టి అరవై లేదా తొంభై రోజుల గడువు ఉంటుంది, అది దాటితే అతనికి బెయిలు హక్కు వస్తుంది. అరెస్టే లేని కేసుల్లో ఇంతకన్నా ఆలస్యం కావచ్చు.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది. కేసు శ్రీకాకుళం జిల్లా కోర్టులో, ఆటగాడి ఇల్లు గజపతి జిల్లాలో, సంఘం నమోదైంది ఒడిశాలో. బెయిలు ఇచ్చేటప్పుడు కోర్టు ఫలానా జిల్లాలో అడుగు పెట్టకూడదనో, వారానికోసారి ఠాణాలో సంతకం పెట్టాలనో షరతు విధిస్తే సంఘం నిర్ణయంతో పని లేకుండానే సగం మ్యాచ్‌లు పోతాయి. బెయిలు ఉత్తర్వు నకలు తెప్పించుకోకుండా ఏ తీర్మానమూ చేయకూడదు.

తీర్పు దాకా ఆగడం

ఈ దారికి ఉన్న బలం అందరికీ తెలిసిందే: నేరం రుజువయ్యే దాకా మనిషి నిర్దోషి. మన చట్టసభల విషయంలో పాటించేదీ దాదాపు ఇదే. 2013లో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత కూడా, దోషిగా తేలాకే, సాధారణంగా రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితేనే, ఎమ్మెల్యే, ఎంపీ సభ్యత్వం పోతుంది. కేసు ఎన్నేళ్లు నడిచినా సభలో కూర్చోవచ్చు. చట్టం చేసేవాడికి లేని నిషేధం బంతి విసిరేవాడికి ఎందుకని అడిగేవాళ్లను తోసిపుచ్చలేం.

అయితే మన కోర్టుల్లో తీర్పు దాకా ఆగడమంటే చాలాసార్లు ఆటగాడి క్రీడాజీవితం ముగిసే దాకా ఆగడమే. ఒలింపిక్ పతక విజేత సుశీల్ కుమార్ మీద ఛత్రసాల్ స్టేడియం హత్య కేసులో 2021 మే నెలలో అరెస్టు జరిగింది. అభియోగాల ఖరారుకే 2022 అక్టోబరు వచ్చింది, 2025లో కూడా బెయిలు గురించిన వాదాలు సుప్రీంకోర్టులో నడిచాయి. కబడ్డీ కూతగాడికో, వాలీబాల్ స్పైకర్‌కో మంచి వయసు ఏడెనిమిదేళ్లు. అందులో సగం కేసుతో పోతుంది. ఆగడమనే నియమం నిందితుడికి మేలు చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, అదే మైదానంలో ఫిర్యాదు చేసిన అమ్మాయి కూడా ఉంటే ఆ భారమంతా ఆమె మీద పడుతుంది. అప్పుడు ఆట మానేసేది ఆమే. ఈ ఒక్క కారణం చాలు, అన్ని కేసులకూ ఈ దారి పనికిరాదని చెప్పడానికి.

నేపాల్ క్రికెట్ సంఘం సందీప్ లామిచ్చానే విషయంలో పడ్డ తడబాటు ఇక్కడ చూడదగ్గది. 2022 సెప్టెంబరులో అతని మీద అత్యాచార ఆరోపణతో అరెస్టు వారంటు రాగానే సస్పెండ్ చేశారు. 2023 జనవరిలో బెయిలు మీద బయటికి రాగానే, కేసు కోర్టులో ఉండగానే, ఫిబ్రవరిలో నిషేధం ఎత్తేశారు. అతను జాతీయ జట్టుకు ఆడాడు. ప్రత్యర్థి జట్ల ఆటగాళ్లు చేతులు కలపడానికి కూడా ఇష్టపడలేదు. 2023 డిసెంబరులో జిల్లా కోర్టు దోషిగా తేల్చింది, 2024 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష వేసింది, మళ్లీ సస్పెన్షన్. 2024 మేలో పాటన్ హైకోర్టు నిర్దోషి అని తీర్పు చెప్పింది, మళ్లీ ఆట. రెండేళ్లలోపు ఆపడం, ఆడించడం, ఆపడం, ఆడించడం. ముందుగా రాసుకున్న నియమం లేక ప్రతి మలుపులోనూ అప్పటికప్పుడు నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదంతం నాకు కనిపించలేదు. బెయిలు అంటే నిర్దోషి అని కాదు, అరెస్టు అంటే దోషి అనీ కాదు; ఆ సంఘం రెండింటినీ తీర్పులుగానే తీసుకున్నట్టుంది.

కేసు పడగానే సస్పెండ్ చేయడం

కార్యవర్గానికి అన్నిటికన్నా సులువైన దారి ఇది. పేపర్లో పేరు వచ్చిన రోజే "మేము చర్య తీసుకున్నాం" అని చెప్పుకోవచ్చు. దాతలు నిలబడతారు, టోర్నమెంటు ఆగదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దీనికి దగ్గరగా ఒక నియమం ఉంది కూడా: ఉద్యోగి నలభై ఎనిమిది గంటలకు మించి కస్టడీలో ఉంటే అతను సస్పెండైనట్టే లెక్క. సుశీల్ కుమార్ అరెస్టయిన వెంటనే ఉత్తర రైల్వే అతన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. మన ప్రాంతం నుంచి క్రీడాకోటాలో చేరిన ఏ కుర్రాడికైనా ఈ నియమం వర్తిస్తుంది. సంఘం ఆడించినా, ఆడించకపోయినా ఉద్యోగం దగ్గర పరిస్థితి వేరుగా ఉంటుందని ఇంటివాళ్లకు ముందే చెప్పడం మంచిది.

కానీ తరువాత కేసు వీగిపోతే? శ్రీలంక ఆటగాడు దనుష్క గుణతిలక 2022 నవంబరులో సిడ్నీలో అరెస్టయ్యాడు, శ్రీలంక క్రికెట్ బోర్డు వెంటనే అన్ని ఫార్మాట్ల నుంచి సస్పెండ్ చేసింది. 2023 సెప్టెంబరు చివర కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది, అక్టోబరులో బోర్డు నిషేధం తొలగించింది. అతని విషయంలో ఒక వెసులుబాటు ఉంది: బెయిలు షరతుల వల్ల ఆస్ట్రేలియా దాటి వెళ్లే వీలే లేదు కాబట్టి బోర్డు సస్పెండ్ చేయకపోయినా చాలాకాలం ఆడలేకపోయేవాడు. మన కుర్రాడికి అలాంటిది ఉండదు. ఊళ్లోనే ఉంటాడు, రోజూ మైదానం పక్క నుంచే నడుస్తాడు, మొన్నటి దాకా అతని పేరు పెట్టి అరిచినవాళ్లే ఇప్పుడు ముఖం తిప్పుకుంటారు. సస్పెన్షన్ అన్న మాట ఊళ్లోకి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకునే ఉత్తర్వును ఎవరూ చదవరు.

ఊళ్లో పాత కక్షల సంగతి కూడా మరిచిపోకూడదు. ఫైనలుకు వారం ముందు ప్రత్యర్థి జట్టు వాళ్లు కేసు పెట్టించడం అసాధ్యమేమీ కాదు. ఎఫ్ఐఆర్ చాలు, మనిషి జట్టులోంచి పోతాడని అందరికీ తెలిస్తే ఆ నియమమే ఆయుధమవుతుంది.

తప్పు మోపకుండా పక్కన పెట్టడం

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ 2019 ఫిబ్రవరిలో తెచ్చిన నియమాన్ని మన సంఘాలు నిదానంగా చదవాలి. గరిష్ఠంగా పదకొండేళ్లు, లేదా అంతకు మించి జైలు శిక్ష పడగల నేరాభియోగం ఎదుర్కొంటున్న ఆటగాడు ఆ వ్యవహారం తేలే దాకా మ్యాచ్‌లు ఆడకూడదు. కానీ అతనికి పూర్తి జీతం ఇస్తారు. తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో, ముఖ్యంగా స్త్రీలు, పిల్లలు బాధితులైన కేసుల్లో, నిర్ణయం లీగ్ ముఖ్యాధికారి విచక్షణకు వదిలేశారు. ఇందులో తప్పొప్పుల ప్రస్తావన లేదు. నువ్వు చేశావనీ చేయలేదనీ మేము అనడం లేదు, అది కోర్టు పని, అప్పటి దాకా నీ ఇల్లు గడవడానికి లోటు రానివ్వం, కానీ మా జెండా కింద ఆడవద్దు: నియమం చెప్పేది ఇంతే.

ఈ నియమం మొదట తగిలింది జాక్ డి బెలిన్ అనే ఆటగాడికి. అతను కోర్టుకు వెళ్లాడు. 2019 మేలో ఫెడరల్ కోర్టు లీగ్ పక్షాన తీర్పిచ్చింది, తన ప్రయోజనాలు కాపాడుకోవడానికి లీగ్ చేసిన నియమం సమంజసమేనని చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. తరువాతి కథే నియమంలోని లోపాన్ని బయటపెట్టింది. మొదటి విచారణలో జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు; 2021లో రెండో విచారణలో ఒక అభియోగం మీద నిర్దోషి అని చెప్పి, మిగిలిన వాటి మీద మళ్లీ తేల్చలేకపోయింది; ఆ మిగిలిన అభియోగాలను ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకుంది. ఈలోగా 2019, 2020 సీజన్లు రెండూ అతనికి పూర్తిగా పోయాయి. జీతం ముట్టింది, ఆట పోయింది. కోర్టులు మనకన్నా వేగంగా నడిచే దేశంలోనే ఇంత జరిగితే, గడువు లేని "పక్కన పెట్టడం" మన దగ్గర ఎంతకాలం సాగుతుందో ఊహించుకోవచ్చు.

అందువల్ల ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు దింపుకోవద్దు, రెండు మార్పులు చేసుకోవాలి. మొదటిది గడువు. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగి సస్పెన్షన్ మూడు నెలల్లోగా ఆరోపణల పత్రం ఇవ్వకపోతే కొనసాగకూడదని, ఇచ్చిన తరువాత పొడిగించాలంటే కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలని చెప్పింది. అది ఉద్యోగుల గురించి చెప్పిన మాటే గానీ, సంఘాలు దాన్ని నిశ్చింతగా అరువు తెచ్చుకోవచ్చు: పక్కన పెట్టిన ప్రతి తొంభై రోజులకూ కార్యవర్గం కూర్చుని, కేసు ఏ మెట్టు మీద ఉందో చూసి, కొనసాగించాలంటే కారణం రాయాలి. రెండోది శిక్షల గీత. ఆస్ట్రేలియా పదకొండేళ్లు మనకు నప్పదు. మన చట్టంలో ఏడేళ్లు ఒక సహజమైన గీతగా ఇప్పటికే ఉంది. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని పోలీసులకు చెప్పింది ఆ గీతను బట్టే. ఏడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరంలో చార్జిషీటు పడితే పక్కన పెట్టాలి, అంతకు లోపలైతే విడిగా పరిశీలించాలి అనుకుంటే మన పరిస్థితికి సరిపోతుంది.

అయితే శిక్షల గీత ఒక్కటే చాలదు. పదహారేళ్ల అమ్మాయి పట్ల లైంగిక దుష్ప్రవర్తనకు, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ఎనిమిదో సెక్షన్ కింద శిక్ష మూడు నుంచి ఐదేళ్లు. మహిళ గౌరవానికి భంగం కలిగించే దాడికి న్యాయ సంహిత 74 కింద గరిష్ఠంగా ఐదేళ్లు. రెండూ ఏడేళ్ల లోపువే. గీతను గుడ్డిగా పాటిస్తే బాలికల శిబిరంలోనే ఆ మనిషి తిరుగుతుంటాడు. పిల్లలకు సంబంధించిన కేసుల్లో శిక్ష ఎంతన్నది చూడకుండా, చార్జిషీటు దాకా కూడా ఆగకుండా, ఎఫ్ఐఆర్ దశలోనే శిబిరాలకూ, వసతి గృహాలకూ దూరం పెట్టాలి. ఇది మూడో దారిలో మినహాయింపు అనిపించవచ్చు. నా దృష్టిలో ఇది మొదటి నియమం.

షరతులతో ఆడనివ్వడం

చిన్న కొట్లాటలు, రోడ్డు ప్రమాదం కేసులు, పొలం గట్టు తగాదాలు, చెల్లని చెక్కు కేసులు: వీటిలో ఆటగాడిని ఆపడానికి కారణమే లేదు. కెప్టెన్సీ ఇవ్వకపోవడం, ఫిర్యాదుదారు ఉండే ఊరి మ్యాచ్‌లకు తీసుకెళ్లకపోవడం, కోర్టు వాయిదా రోజున సెలవు ఇవ్వడం, ఇంతకు మించి అక్కరలేదు.

డబ్బు సంగతి

పెద్ద క్లబ్బులు కూడా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫుట్‌బాల్ ఆటగాడు బెంజమిన్ మెండీ మీద 2021 ఆగస్టులో అభియోగాలు నమోదు కాగానే మాంచెస్టర్ సిటీ అతన్ని సస్పెండ్ చేసి, తరువాతి నెల నుంచి జీతమూ ఆపేసింది. 2023లో రెండు విచారణల అనంతరం అతను అన్ని అభియోగాల్లోనూ నిర్దోషిగా బయటపడ్డాడు. 2024 నవంబరులో ఉద్యోగ వివాదాల ట్రైబ్యునల్, అతను కస్టడీలో లేని కాలానికి ఆపిన జీతంలో అధిక భాగం అతనికి రావలసిందేనని తేల్చింది. అతను కోరినది కోటి పౌండ్లకు పైమాటే. సంపన్న క్లబ్బు కాబట్టి తట్టుకుంది.

మన సంఘాల దగ్గర అంత డబ్బు లేదు, పూర్తి ఫీజు ఇస్తూ మనిషిని ఊరికే కూర్చోబెట్టడం సాధ్యపడదు. ఇక్కడ ప్రభుత్వ నియమం నుంచి మరో పాఠం తీసుకోవచ్చు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి జీవనభృతి కింద మొదట సుమారు సగం జీతం ఇస్తారు. మూడు నెలలు దాటాక ఆలస్యానికి అతను కారణం కాకపోతే ఆ భృతిని పెంచవచ్చు, అతనే కారణమైతే తగ్గించవచ్చు. ఇదే కొలతతో ఒప్పందం ప్రకారం రావలసిన దాంట్లో సగం ఇచ్చి, మిగతా సగం బ్యాంకులో విడిగా ఉంచి, నిర్దోషి అని తేలితే ముట్టజెప్పే ఏర్పాటు చేసుకోవచ్చు. మ్యాచ్‌కింత అని నోటి మాటగా కుదుర్చుకున్న చోట లెక్క తేల్చడం కష్టం, కాబట్టి సీజను మొదట్లోనే తెల్లకాగితం మీదనైనా ఒప్పందం రాసుకోవాలి. అసలు ఏమీ ఇవ్వలేని సంఘం ఆటగాడిని నిరవధికంగా ఆపకూడదని నా అభిప్రాయం. ఆపే అధికారం కావాలంటే ఖర్చు భరించాలి.

సంఘం సొంత విచారణ

కోర్టు కేసు నడుస్తుండగా సంఘం తానుగా విచారణ జరపవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. జరపవచ్చు. కోర్టు అడిగే ప్రశ్న వేరు, సంఘం అడిగే ప్రశ్న వేరు. ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్ ఉదంతం దీన్ని విడమరచి చూపిస్తుంది. 2017 సెప్టెంబరులో బ్రిస్టల్ వీధిలో జరిగిన గొడవ తరువాత, ఇంకా అభియోగం లేని దశలోనే, అతను యాషెస్ సిరీస్‌కు దూరమయ్యాడు. 2018 జనవరిలో అభియోగం నమోదయ్యాక మాత్రం, నిరవధికంగా పక్కన పెట్టడం సబబు కాదని ఇంగ్లండ్ బోర్డు భావించి ఆడనిచ్చింది. ఆగస్టులో జూరీ నిర్దోషి అని చెప్పింది. అంతటితో అయిపోలేదు, డిసెంబరులో బోర్డు క్రమశిక్షణ సంఘం అతనికి ముప్ఫై వేల పౌండ్ల జరిమానా, ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం విధించి, అంతకుముందు దూరమైన మ్యాచ్‌లను ఆ ఎనిమిదిలోనే లెక్కగట్టింది. ఈ చివరి అంశాన్ని మన సంఘాలు తప్పక తీసుకోవాలి: తీర్పుకు ముందు పోయిన మ్యాచ్‌లు తరువాత వేసే శిక్షలో జమ కావాలి. డోపింగ్ నిబంధనల్లో తాత్కాలిక సస్పెన్షన్ కాలాన్ని ఇలాగే జమ చేస్తారు.

శ్రీశాంత్ విషయంలోనూ రెండు దారులు వేర్వేరుగానే సాగాయి. 2013లో స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణతో అరెస్టయిన అతన్ని 2015లో ఢిల్లీ కోర్టు కేసు నుంచి విడుదల చేసింది, అయినా బీసీసీఐ జీవితకాల నిషేధం అలాగే ఉంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు శిక్ష తీవ్రతను పునఃపరిశీలించమని బోర్డుకు చెప్పాకే అది ఏడేళ్లకు తగ్గింది. క్రిమినల్ కేసు పోయినంత మాత్రాన క్రమశిక్షణ చర్య దానంతట అది రద్దు కాదు, క్రమశిక్షణ చర్యకు కూడా కొలత తప్పకూడదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల్లో సంఘానికి ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. 2013 చట్టం పని ప్రదేశాల నిర్వచనంలో స్టేడియాన్నీ, క్రీడా ప్రాంగణాన్నీ, పోటీలు జరిగే చోటునూ పేరు పెట్టి చేర్చింది. పదిమందికి తక్కువగా పనిచేసే సంఘమైతే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్తుంది. "మనలో మనం మాట్లాడుకుందాం" అన్న పెద్దమనుషుల పంచాయితీకి అక్కడ చోటు లేదు.

తీర్మానం ఎలా రాయాలి

తీర్మానంలో ఫిర్యాదుదారు పేరు రాయకూడదు. లైంగిక నేరాల్లో బాధితుల పేరు బయటపెట్టడమే నేరం, వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే. "నేరం చేసినందున" అని రాయకూడదు, "ఫలానా కేసులో చార్జిషీటు దాఖలైనందున, తప్పొప్పుల గురించి ఏ అభిప్రాయమూ వ్యక్తం చేయకుండా, ఫలానా తేదీ నుంచి తొంభై రోజుల పాటు పోటీల నుంచి పక్కన ఉంచడమైనది" అని రాయాలి. సాధన చేసుకోవచ్చో లేదో, భృతి ఎంతో, పునఃపరిశీలన తేదీ ఎప్పుడో అందులోనే ఉండాలి. తీర్మానానికి ముందు ఆటగాడి మాట వినాలి, కానీ కేసు వివరాలు చెప్పమని బలవంతం చేయకూడదు, ఎందుకంటే ఇక్కడ చెప్పిన మాట రేపు కోర్టులో అతని మెడకే చుట్టుకోవచ్చు. ఒడియా, తెలుగు రెండింటిలోనూ ప్రతి ఇస్తే ఆటగాడి ఇంటివాళ్లకు అర్థమవుతుంది.

ఈ నియమాలన్నీ ఎవరి మీదా కేసు లేని సమయంలో, సీజను మొదట్లో, సర్వసభ్య సమావేశంలో ఆమోదించుకోవాలి. కేసు పడ్డాక చేసే నియమం ఆ ఆటగాడి కోసమే, లేదా అతనికి వ్యతిరేకంగానే చేసినట్టు ఉంటుంది.

రాజీ కుదిరితే

మన ప్రాంతంలో కొట్లాట కేసుల్లో చాలా భాగం తీర్పు దాకా వెళ్లవు. లోక్ అదాలత్‌లో రాజీ పడి ముగుస్తాయి. చట్టప్రకారం రాజీ కుదిరిన కేసులో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. కాబట్టి ఆ కేసు కారణంగా పక్కన పెట్టిన ఉత్తర్వు ఆ రోజుతోనే ముగియాలి, బ్యాంకులో ఉంచిన సొమ్ము ఇచ్చేయాలి. మైదానంలో జరిగిన గొడవ మీద సంఘం సొంత విచారణ మిగిలి ఉంటే అది మాత్రం తన దారిన తాను ముగించుకోవచ్చు. పోక్సో కేసుల్లో మాత్రం రాజీ కుదరదు. అటువంటి కేసులో రాజీ పత్రం పట్టుకుని ఎవరైనా కార్యవర్గం ముందుకు వస్తే, దాన్ని ఫైలులో చేర్చకుండా తిప్పి పంపించి, కోర్టు ఉత్తర్వు వచ్చే దాకా సంఘం పక్కన పెట్టిన ఉత్తర్వును యథాతథంగా ఉంచాలి.